స్మిత్ ఐ/ఓ మ్యాగ్ స్కీ గాగుల్స్: కొండ మీద వెలుతురు మారినప్పుడల్లా నన్ను ఆదుకున్నవి

స్కీయింగ్‌కి వెళ్ళేవాళ్ళు ముందు జాకెట్ మీద ఖర్చు పెడతారు. గాగుల్స్ సంగతి చివర్లో గుర్తొస్తుంది, అదీ రంగు నచ్చితే కొనేస్తారు. నన్నడిగితే బూట్లు ముందు, ఆ వెంటనే గాగుల్స్, జాకెట్ ఆ తర్వాతే. చలేస్తే లోపల ఇంకో పొర వేసుకోవచ్చు. కళ్ళకి నేల ఆనకపోతే మాత్రం ఎంత బాగా జారేవాళ్ళైనా బిగుసుకుపోతారు.

ఎత్తైన కొండల్లో ఒక్క రోజులోనే మూడు నాలుగు వాతావరణాలు చూస్తాం. నాకు ఆ మార్పంటేనే ఇష్టం. పొద్దున కొండ మీదకి తీసుకెళ్ళే మొదటి లిఫ్ట్‌లో వెళ్తే రాత్రి గడ్డకట్టిన మంచు స్కీల కింద గరగరలాడుతుంది. ఎండెక్కేకొద్దీ పైపొర కాస్త మెత్తబడుతుంది. ఆ గంటసేపు స్కీలు మనం అనుకున్న చోటల్లా తిరుగుతాయి, అంతకంటే నాకేమీ అక్కర్లేదనిపిస్తుంది. ఆ తర్వాత గాలి లేస్తుంది. తేమగాలి వాలు ఎక్కుతూ చల్లబడి, శిఖరం మీద మబ్బు కడుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. దానికి గాలి తోడైతే ఇంకా ఘోరం: మైనస్ 10 డిగ్రీల్లో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా తగులుతుంది. కాసేపటికి మంచు పడటం మొదలవుతుంది. చాలామంది కిందికి దిగిపోతారు. నాకు మాత్రం అసలు రోజు అప్పుడే మొదలవుతుంది, కనిపిస్తే!

మబ్బు పట్టినప్పుడు వెలుతురు ఒక దిక్కు నుంచి రాదు. మబ్బంతా పరుచుకుని అన్ని వైపుల నుంచీ వస్తుంది, కింద మంచు దాన్నే తిప్పి పైకి కొడుతుంది. దాంతో నీడలు మాయమవుతాయి. నీడ లేకపోతే గుంటేదో గుట్టేదో తెలీదు. నాతో వచ్చే మా తమ్ముడు ఏళ్ళ తరబడి ఒకే నల్లటి అద్దంతో నెట్టుకొచ్చాడు. మబ్బు రాగానే "అక్కా, నేల కనబడట్లేదే" అంటూ ఆగిపోయేవాడు. వాడు గాగుల్స్ తీసేస్తే కంట్లో మంచు రవ్వలు, పెట్టుకుంటే చీకటి.

స్మిత్ సంస్థ చేసే ఐ/ఓ మ్యాగ్ గాగుల్స్ ఈ కష్టాన్ని తీర్చేది రెండు అద్దాలతో. ఒకటి ఎండకి, ఒకటి మబ్బుకి. రెండూ డబ్బాలోనే వస్తాయి. గాగుల్స్ అద్దాలని ఎంత వెలుతురు లోపలికి వదులుతాయన్న దాన్నిబట్టి తరగతులుగా విడదీస్తారు. ఎస్3 అద్దం 8 నుంచి 18 శాతం వదులుతుంది, అది నడి ఎండకి. ఎస్1 అద్దం 43 నుంచి 80 శాతం, అది మబ్బుకి. నేను వాడే మబ్బు అద్దం క్రోమాపాప్ స్టార్మ్ రోజ్ ఫ్లాష్, సగం వెలుతురుని రానిస్తుంది. ఎక్కువ వెలుతురు రావడం ఒక్కటే కాదు, ఆ గులాబీ రంగు నీలి వెలుగుని కొంత అడ్డుకుని, వెలుగునీడల్లో మిగిలిన ఆ కాస్త తేడానీ ఎత్తి చూపిస్తుంది. ముందు వెళ్ళినవాళ్ళ స్కీ గీతలు, గాలి పోసిన చిన్న మంచు మెట్లు మళ్ళీ కంటికి ఆనతాయి. మోకాళ్ళు వదులవుతాయి. ఆ తేడా అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

అద్దం మార్చడం సులువు. అయస్కాంతాలు పట్టి ఉంచుతాయి, రెండు పక్కలా చిన్న మీటలు బిగించి ఉంచుతాయి. మీట కదిపి అద్దం లాగి, రెండోది దగ్గరికి తెస్తే టక్కున కూర్చుంటుంది. నేను గొండోలాలో, అంటే కొండెక్కించే మూసిన క్యాబిన్‌లో ఉండగానే ఈ పని చేస్తాను. శిఖరం మీది గాలిలో చేతి తొడుగులు విప్పడం ఎందుకు? రెండో అద్దం మెత్తటి సంచిలో, జాకెట్ లోపలి జేబులో ఉంటుంది.

స్మిత్ సంస్థ పుట్టిందే కళ్ళద్దాల మీద పట్టే ఆవిరి నుంచి. బాబ్ స్మిత్ అనే దంతవైద్యుడికి కొత్త మంచులో స్కీయింగ్ పిచ్చి. 1965లో ఆయన రెండు పొరల అద్దం మధ్య గాలిని బంధించి, చుట్టూ గాలాడే ఫోమ్ పెట్టి గాగుల్స్ తయారుచేశాడు. లోపలి పొర చలికి నేరుగా తగలదు కాబట్టి ఊపిరి తడి అంత తేలిగ్గా దాని మీద పేరుకోదు. ఇవాళ దాదాపు అన్ని మంచి స్కీ గాగుల్స్‌కీ ఆధారం అదే పద్ధతి. కానీ ఏ సంస్థవైనా సరే, గాగుల్స్‌ని నుదుటి మీదకి తోయకండి, చెమట ఆవిరంతా లోపలికి చేరుతుంది. లోపలి పక్క తడిగా ఉన్నప్పుడు గుడ్డతో రుద్దకండి, ఆవిరి పట్టకుండా వేసిన పూత పోతుంది. దులిపి ఆరనివ్వడమే.

ఒకటి గట్టిగా చెప్పాలి. మనం మబ్బులోకే దూరిపోతే, చుట్టూ నీటి తుంపరలే ఉంటే, ఏ అద్దమూ దారి చూపించదు. అప్పుడు చెట్లున్న ఎత్తుకి దిగిపోండి. చెట్ల మొదళ్ళు ముదురు రంగులో ఉంటాయి కాబట్టి వాలు అర్థమవుతుంది. చెట్లు లేనిచోట రన్ (స్కీ దారి) అంచున పాతిన గుర్తు కర్రల్ని వదలకండి. అలాగే, పల్చటి మబ్బే కదా అని గాగుల్స్ తీసేయకండి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా మొహం మీదకి తిప్పికొడుతుంది. ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట పుడుతుంది. నాకు నచ్చిన సంగతి, మబ్బు అద్దం కూడా ఆ కిరణాల్ని ఆపుతుంది.

వెలుతురుని బట్టి రంగు మార్చుకునే ఒకే అద్దం చాలదా అని అడుగుతారు. అలాంటివి చలిలో ముదరడం బాగానే ముదురుతాయి, తిరిగి తేటబడటమే ఆలస్యం. ఎండలోంచి మబ్బులోకి వెళ్ళినప్పుడు మనకి కావాల్సింది సరిగ్గా ఆ తేటబడటమే. అందుకే నా ఓటు రెండు అద్దాలకే.

ఎప్పుడూ ఎండరోజులే ఎంచుకుని వెళ్ళేవాళ్ళకి ఇంత ఖరీదైనవి అక్కర్లేదు. మిగతావాళ్ళు కొనేముందు హెల్మెట్ పట్టుకెళ్ళి పెట్టి చూడండి. నుదుటి దగ్గర సందు ఉండకూడదు, ముక్కు మీద ఒత్తిడీ ఉండకూడదు. చిన్న మొహానికి ఎస్ సైజు, పెద్దదానికి ఎక్స్ఎల్ సైజు ఉన్నాయి. రెండు అద్దాల్లో ఒకటి తప్పకుండా "స్టార్మ్" అని రాసి ఉన్నదే అయ్యేలా చూసుకోండి.