చెరువు గట్టు మీద ఏడేళ్ళు: ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఆడిన అనుభవం

మా రొయ్యల చెరువులు నరసాపురం దగ్గర, కాలువ చివరి భూముల్లో ఉన్నాయి. వనామీ పిల్ల వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా రాత్రిపూట గట్టు మీది మకాంలో ఎవరో ఒకరు మేలుకొని ఉండాలి. అర్ధరాత్రి దాటాక నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున మరీ పడిపోతుంది. అప్పుడు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది. కరెంటు పోయిన వెంటనే జనరేటర్ వేయాలి. ఆ కాపలా మా ఇంట్లో నాది. 2018 అక్టోబరు చివర్లో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే, ఎందరో కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట ఫోనులోకి వచ్చింది. అప్పటి నుంచి ఆ రాత్రుల్లో నాకు తోడు ఈ ఆటే.

మొదలుపెట్టగానే ఆట నేర్పే తొలి పనుల్లో ఒకటి చిన్న వలతో రొయ్యలు పట్టడం. పట్టినవాటిని నిప్పు మీద కాల్చమంటుంది. చెరువు గట్టున కూర్చుని ఫోనులో రొయ్యలు కాలుస్తుంటే నాకు ఆ లోకం మీద వెంటనే ఆపేక్ష కలిగింది. శిక్షణ ద్వీపం దాటితే గీలినోర్ అనే విశాల ప్రపంచం. అక్కడ లంబ్రిడ్జ్ కోట వంటవాడు గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టమని బతిమాలతాడు. గోధుమలు కోసి, గాలిమర పైఅంతస్తుకు మోసుకెళ్ళి, తొట్టిలో పోసి, కిందికి దిగి పిండి పట్టుకోవాలి. ఆవు పాలు మనమే పితకాలి. కత్తి కావాలంటే ఖనిజం తవ్వి, కొలిమిలో కరిగించి, దాగలి మీద సాగగొట్టాలి. ప్రతి వస్తువు వెనకా ఎంత పని ఉందో కనిపించేలా చేసిన ఆటను నేను అంతకుముందు చూడలేదు. తిండి పండించే ఊళ్ళో పెరిగినవాడికి అది ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఆటకు ఆయువుపట్టు నైపుణ్యాలు. చేపల వేట, వంట, వ్యవసాయం, కమ్మరం, మంత్రవిద్య, కత్తిసాము ఇలా ఇప్పటికి 24 ఉన్నాయి. ఒక్కోదానిలో 99వ స్థాయి చేరాలంటే 1,30,34,431 అనుభవ పాయింట్లు కావాలి. 92వ స్థాయి చేరేసరికి చేతికి వచ్చేవి 65,17,253, అంటే దాదాపు సగం. చివరి ఏడు స్థాయిలకు, అంతకుముందు వాటన్నిటికీ పట్టినంత కష్టం మళ్ళీ పడాలి. కొత్తవాళ్ళు ఈ లెక్క విని బెదిరిపోతారు. నన్ను నిలిపింది మాత్రం ఈ లెక్కే. చేపల వేటలో 99 చేరడానికి నాకు మూడు పంటలు పట్టాయి. ఆ రాత్రి తెర మీద బాణసంచా వెలిగినప్పుడు మకాంలో నేనొక్కడినే ఉన్నాను. ఫిషింగ్ గిల్డ్‌లో ఉండే గురువుకు 99,000 నాణేలు ఇచ్చి, ఆ నైపుణ్యం గుర్తుగా వెనక వేలాడే అంగవస్త్రం కొనుక్కున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వస్త్రానికి అదే గౌరవం ఉంది. దారిలో ఎదురైన అపరిచితుడు చూసి ఒక మంచి మాట అని వెళ్తాడు. కొత్త సరుకు రాగానే పాతదాన్ని పనికిరాకుండా చేసే ఆటలు చాలా చూశాను. ఇందులో ఒకసారి సంపాదించిన స్థాయి మనదే. ఆరు నెలలు ఆడకపోయినా తగ్గదు.

కాపలా పనికి ఈ ఆట ఇంతగా ఎలా కుదిరిందో చెప్పాలి. చేపలున్న చోటును ఒకసారి తాకితే, సంచిలోని 28 గడులు నిండేదాకానో, చేపలు చోటు మార్చేదాకానో వేట దానంతట అదే సాగుతుంది. ఈలోగా లేచి టార్చి పట్టుకుని చెరువుల చుట్టూ తిరిగి, చెక్ ట్రేలో మేత మిగిలిందేమో చూసి వస్తాను. ఆట మొత్తం 0.6 సెకన్లకు ఒక అడుగు చొప్పున నడుస్తుంది కాబట్టి, గట్టు మీద సిగ్నల్ రెండు గీతలే ఉన్నా ఇలాంటి పనులకు పెద్దగా అడ్డు రాదు. పెద్ద రాక్షసులతో పోరుకు మాత్రం ఆ సిగ్నల్ చాలదు. అది ఇంటి దగ్గర కంప్యూటర్‌లో ఆడతాను. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఖాతా ఒకటే. ఎక్కడ ఆపితే అక్కడి నుంచే అందుకోవచ్చు.

2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటడానికి ముందు రాత్రి ఆ జాగ్రత్త మరిచి గట్టు మీదే పోరు మొదలుపెట్టాను. మధ్యలో కరెంటు పోయింది. ఫోను మంచం మీద పడేసి జనరేటర్ దగ్గరకు పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి నా పాత్ర చనిపోయి ఉంది. అప్పటికి కొద్ది నెలల ముందే ఆటలో సమాధి రాయి పద్ధతి తెచ్చారు. మామూలు ప్రాంతాల్లో చనిపోతే మన సామాను ఆ రాయి కింద పదిహేను నిమిషాలు భద్రంగా ఉంటుంది. గడువు దాటినా మృత్యువు కూర్చునే కార్యాలయానికి వెళ్ళి, రుసుము కట్టి చాలావరకు విడిపించుకోవచ్చు. నా సామాను నాకు దక్కింది. బతుకుతెరువు మధ్యలో ఆడుకునేవాళ్ళను కూడా దృష్టిలో పెట్టుకున్నారని ఆ రాత్రి అనిపించింది.

వ్యవసాయం నైపుణ్యం గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. మొక్కలు నిజం గడియారం ప్రకారం పెరుగుతాయి. 68వ స్థాయిలో కొబ్బరి చెట్టు నాటవచ్చు. అది ఎదగడానికి 16 గంటలు పడుతుంది, కాపుకొస్తే ఆరు కాయలు ఇస్తుంది. ఎరువు వేయకపోతే తెగులు పట్టే ప్రమాదం ఎక్కువ. పక్కనున్న తోటమాలికి 15 బొప్పాయి పండ్లు ఇస్తే చెట్టును కనిపెట్టుకుని ఉంటాడు. అంబాజీపేట వైపు మా అమ్మమ్మగారి తోటలో కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు, ఇప్పుడు తెల్లదోమ చేసిన నష్టం కళ్ళారా చూసినవాడిని. పదిహేను పండ్లకు చెట్టుకు భరోసా దొరికే లోకం నాకు ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

ఇక ఈ ఆట ఇంతకాలం నిలవడానికి అసలు కారణం నా దృష్టిలో ఓటు. ఆండ్రూ గోవర్ తన సోదరుల తోడ్పాటుతో చేసిన రూన్‌స్కేప్ 2001 జనవరిలో వెలువడింది. 2012 నవంబరులో దాని పోరాట విధానాన్ని పూర్తిగా మార్చేయడంతో పాత ఆటగాళ్ళు చాలామంది దూరమయ్యారు. పాత ఆటను మళ్ళీ తెరవాలా అని 2013 ఫిబ్రవరిలో ఆటను నడిపే జాగెక్స్ సంస్థ అడిగితే నాలుగు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. 2007 ఆగస్టులో దాచి ఉంచిన నకలు ఆధారంగా 2013 ఫిబ్రవరి 22న ఓల్డ్ స్కూల్ మొదలైంది. అప్పటి నుంచి పెద్ద మార్పు ఏది రావాలన్నా రుసుము కట్టి ఆడే సభ్యుల ముందు ఓటుకు పెడతారు. మొదట్లో 75 శాతం ఆమోదం కావాలనేవారు, 2022 నుంచి 70 శాతం చాలంటున్నారు. 2019లో వార్డింగ్ అనే కొత్త నైపుణ్యం ఆ గీత దాటలేక ఆగిపోయింది. చేసినవాళ్ళు దాన్ని పక్కన పెట్టేశారు. కాలువ చివర పొలం ఉన్న రైతుకు నీటి సంఘంలో తన మాట చెల్లడం అంటే ఏమిటో తెలుసు. నేను ప్రతి ఓటూ చదివే వేస్తాను.

లోట్లు లేవని అనను. మనుషులకు బదులు ప్రోగ్రాములు నడిపే ఖాతాలు చాలా ఉన్నాయి, వాటివల్ల కొన్ని సరుకుల ధరలు పడిపోతుంటాయి. సభ్యత్వ రుసుము పెరుగుతూ వచ్చింది. బాండ్ అనేదాన్ని ఆటలోని బంగారంతో కొని 14 రోజుల సభ్యత్వం పొందవచ్చు కానీ, కొత్తవాళ్ళకు అంత బంగారం సంపాదించడం కష్టం. అదే బాండ్‌ను అసలు డబ్బుతో కొని ఆటలో అమ్ముకునే వీలు కూడా ఉంది. స్థాయిలు కొనుక్కోలేకపోయినా బంగారం కొనుక్కోవచ్చన్నమాట. అది నాకు నచ్చదు. ఫోను తెర మీద అక్షరాలు చిన్నవి, నలభై దాటినవాళ్ళు కళ్ళద్దాలు దగ్గర పెట్టుకోవాలి. కథలన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి. వైల్డర్‌నెస్ అనే ఉత్తర ప్రాంతంలో ఇతర ఆటగాళ్ళు మనల్ని చంపి సామాను పట్టుకుపోవచ్చు, పోయినా బాధ లేదనుకున్న వస్తువులతోనే అక్కడికి వెళ్ళండి. ఆడి చూడాలనుకునేవాళ్ళు సభ్యత్వం లేకుండానే మొదలుపెట్టండి. క్రాండోర్ దీవికి పాత ఓడ బాగుచేయించుకుని వెళ్ళి, అగ్గి కక్కే డ్రాగన్‌ను చంపే కథ ఉచిత భాగంలోనే ఉంది. అది పూర్తయ్యేసరికి ఈ ఆట మీకు సరిపడుతుందో లేదో మీకే తెలుస్తుంది.

నాకు తోడుగా ఆడే మనిషి మా మేనత్త కొడుకు. కోనసీమ నుంచి వెళ్ళిన ఎందరిలాగో పన్నెండేళ్ళుగా కువైట్‌లో ఉంటున్నాడు. మాకు ఒంటిగంట అయినప్పుడు అక్కడ రాత్రి పదిన్నర. డ్యూటీ దిగి, తిని, ఆటలోకి వస్తాడు. ఇద్దరం ఆటలోని క్యాథర్బీ ఒడ్డున పక్కపక్కనే నిలబడి సొరచేపలు పడుతూ ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటాం. "బావా, ఆక్సిజన్ చూశావా?" అని గంటకోసారి తనే గుర్తుచేస్తాడు. అత్తయ్యకు ఒంట్లో బాగోలేని సంగతి ఫోనులో చెప్పలేక నేను మొదట అక్కడే రాశాను.

ఓటు గెలిచి 2025 నవంబరులో నౌకాయానం 24వ నైపుణ్యంగా వచ్చింది. తెప్పతో మొదలై క్రమంగా పెద్ద పడవలు కట్టుకోవచ్చు, సముద్రం అడుగున మునిగిన ఓడల సామాను పైకి లాగవచ్చు. బావ చుక్కాని పడితే నేను కొక్కెం దగ్గర నిలబడతాను. సఖినేటిపల్లి రేవులో పంటు మీద సైకిళ్ళు ఎక్కించుకుని వశిష్ఠ దాటి నరసాపురం వెళ్ళిన రోజుల్లో కూడా ముందు వైపు తనే నిలబడేవాడు. వచ్చే సంక్రాంతికి సెలవు దొరికింది, టికెట్ తీసుకున్నానని మొన్న ఆ పడవ మీదే చెప్పాడు.