జర్మనీలో "ఫీజు లేదు, స్కాలర్‌షిప్ గ్యారంటీ" అనే కన్సల్టెన్సీలతో జాగ్రత్త

జర్మనీలో ఇంజనీరింగ్ మాస్టర్స్‌కి ట్రై చేస్తున్నవాళ్లు, ముఖ్యంగా కన్సల్టెన్సీకి ఇంకా డబ్బులు కట్టనివాళ్లు, ఇది ఒకసారి చదవండి. మా తమ్ముడు మెకానికల్ బీటెక్. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు "పబ్లిక్ యూనివర్సిటీలో సీటు, ట్యూషన్ ఫీజు సున్నా, స్కాలర్‌షిప్ కూడా మేమే ఇప్పిస్తాం" అని 1,20,000 రూపాయల ప్యాకేజీ కట్టించుకుని, చివరికి ఒక ప్రైవేటు కాలేజీ ఆఫర్ లెటర్ చేతిలో పెట్టారు. కన్సల్టెన్సీ పేరు రాయట్లేదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం, బయట పేరు పెట్టొద్దని లాయర్ చెప్పారు. పేరు తెలిసినా పెద్దగా ఉపయోగం లేదు లెండి, ఇవే మాటలు చెప్పేవాళ్లు అమీర్‌పేట నుంచి బెంజి సర్కిల్ దాకా ఉన్నారు.

అసలు మోసం ఎక్కడ జరిగిందంటే, అప్లికేషన్లలో. మొదటి రోజే తమ్ముడి పేరుతో వాళ్లే ఒక కొత్త మెయిల్ ఐడీ తెరిచి పాస్‌వర్డ్ తమ దగ్గరే పెట్టుకున్నారు. అడిగితే "మీరు టెన్షన్ పడకండి, లాగిన్లన్నీ మా టీమ్ చూసుకుంటుంది" అన్నారు. ఏడు పబ్లిక్ యూనివర్సిటీలకు యూని-అసిస్ట్ (చాలా జర్మన్ యూనివర్సిటీల తరఫున విదేశీ విద్యార్థుల అప్లికేషన్లు పరిశీలించే సంస్థ) ద్వారా అప్లై చేశామని, ఒక్కోదానికి 75 యూరోల చొప్పున 525 యూరోలు ప్యాకేజీ కాకుండా విడిగా తీసుకున్నారు. యూని-అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, ఒక సెమిస్టర్‌కి మొదటి అప్లికేషన్‌కే 75, ఆ తర్వాత ఒక్కోదానికి 30 యూరోలు. అంటే ఏడింటికీ కలిపి 255. పైగా అన్ని యూనివర్సిటీలూ యూని-అసిస్ట్ ద్వారా తీసుకోవు, కొన్ని తమ సొంత పోర్టల్‌లోనే అప్లై చేయమంటాయి.

తర్వాత ఒక్కొక్కటిగా "రిజెక్ట్ అయింది, ఈసారి కాంపిటిషన్ బాగా ఎక్కువ" అని ఫోన్లు. రిజెక్షన్ మెయిల్ ఫార్వర్డ్ చేయమంటే మాత్రం చేయరు. ఆ మెయిల్ ఐడీకి రికవరీ నంబరుగా తమ్ముడి ఫోనే ఇచ్చి ఉండటంతో పాస్‌వర్డ్ మార్చి లోపలికి వెళ్లి చూస్తే, నిజంగా సబ్మిట్ అయినవి రెండే, అందులో ఒకటి గడువు దాటాక. మిగతావి సగం నింపి వదిలేశారు. అప్లికేషనే వెళ్లని చోట రిజెక్షన్ ఎలా వస్తుంది?

సరైన టైంలో వెళ్లిన ఆ ఒక్కటైనా పనికొచ్చేదా అంటే అదీ లేదు. మన సీజీపీఏని జర్మన్ గ్రేడ్‌గా మార్చడానికి ఒక లెక్క ఉంది: గరిష్ఠ గ్రేడ్ నుంచి మన గ్రేడ్ తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ గ్రేడుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి ఒకటి కలపాలి. అక్కడ 1 అంటే బెస్ట్, 4 అంటే పాస్. తమ్ముడిది 7.2, పాస్ గ్రేడ్ 5, కాబట్టి 2.68 వస్తుంది. ఆ కోర్సు పేజీలోనేమో కనీసం 2.5 ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. ఇంత చిన్న లెక్క వేయని కౌన్సెలర్ "నీ ప్రొఫైల్ సూపర్" అని ఎలా అన్నాడో ఆయనకే తెలియాలి.

ఇదంతా చేశాక "ఇయర్ వేస్ట్ కాకూడదంటే ఇదొక్కటే ఉంది" అని ప్రైవేటు ఆఫర్ చూపించారు. రెండేళ్లకు 24,000 యూరోలు, అందులో "50 శాతం స్కాలర్‌షిప్", అంటే కట్టాల్సింది 12,000. యూరో వంద రూపాయలనుకున్నా 12 లక్షలు. వాళ్లు ఇప్పిస్తామన్న స్కాలర్‌షిప్ ఇదేనట! ముందు రేటు పెంచి తర్వాత తగ్గించేదాన్ని మా ఊరి బట్టల షాపులో ఆషాఢం సేల్ అంటారు. ఇది ప్రైవేటు కాలేజీ కదా అని అడిగితే "ప్రభుత్వ గుర్తింపు ఉందండీ" అన్నారు. అది అబద్ధం కాదు, జర్మనీలో ప్రైవేటువాటికీ ప్రభుత్వ గుర్తింపు ఉంటుంది. గుర్తింపు ఇవ్వడం వేరు, ప్రభుత్వమే నడపడం వేరు. హోఖ్‌షూల్‌కొంపాస్ అనే సైట్‌లో యూనివర్సిటీ పేరు కొడితే అది ప్రభుత్వానిదా ప్రైవేటుదా తెలిసిపోతుంది. సెమిస్టర్‌కి ఫీజు ఎంతో డాడ్ (DAAD, విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చే జర్మన్ సంస్థ) సైట్‌లోని కోర్సుల జాబితాలో ఉంటుంది, అది చూడటానికి పైసా కట్టక్కర్లేదు.

ప్రైవేటు కాలేజీలు చేర్పించిన స్టూడెంట్‌కి ఇంత అని ఏజెంట్లకు కమీషన్ ఇస్తాయి, ప్రభుత్వ యూనివర్సిటీల దగ్గర మామూలుగా అలాంటిది ఉండదు. మన పబ్లిక్ అప్లికేషన్లు ఎందుకు సగంలో ఆగిపోయాయో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. ప్రైవేటులో మంచివి లేవని నేను అనట్లేదు. కానీ క్లాసులు ఆన్‌లైనా, హైబ్రిడా, నేరుగా క్యాంపస్‌లోనా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. హైబ్రిడ్ కోర్సు అని బెర్లిన్‌లో మన భారతీయ విద్యార్థులకు రెసిడెన్స్ పర్మిట్ ఇవ్వకుండా వెళ్లిపొమ్మన్నారని 2025లో వార్తలు వచ్చాయి.

స్కాలర్‌షిప్ గ్యారంటీ అని ఎవరన్నా నమ్మకండి. డాడ్ స్కాలర్‌షిప్‌లకు పోటీ చాలా ఎక్కువ. అభివృద్ధి చెందుతున్న దేశాలకు ఉపయోగపడే పీజీ కోర్సులకు వాళ్లు ఇచ్చేదానికి కనీసం రెండేళ్ల ఉద్యోగ అనుభవం కావాలి, ఫ్రెషర్లకు అది రాదు. డాయిచ్‌లాండ్ స్టిపెండియం అని నెలకు 300 యూరోలది ఒకటుంది, దాన్ని కూడా యూనివర్సిటీయే మెరిట్ చూసి ఇస్తుంది. మధ్యలో కన్సల్టెన్సీ చేతిలో ఏమీ లేదు.

ఇంకో మాట, పబ్లిక్ అన్నంత మాత్రాన అన్నిచోట్లా ఫ్రీ కాదు. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి ఈయూ బయటివాళ్లకు 2017 నుంచి సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 చలికాలపు సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 యూరోల దాకా పెట్టింది. మాకు ఇచ్చిన బ్రోషర్‌లో ఇవన్నీ "జీరో ఫీజు" కిందే ఉన్నాయి.

బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చులకు డబ్బుందని వీసా కోసం చూపించే అకౌంట్) దగ్గర కూడా చూసుకోండి. 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున మనకే వస్తుంది. అది మన పేరున ఉండే మన డబ్బు. "మేం ఫండ్స్ చూపిస్తాం, వడ్డీ కట్టండి చాలు" అని మాతో అన్నారు. ఆ డబ్బు వాళ్లు వెనక్కి లాగేసుకుంటే అక్కడ అద్దె ఎవరు కడతారు? మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్‌కీ ఇంతే, 2022 నవంబర్ 1 నుంచి మనవాళ్లకు తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు, మనమే ఆన్‌లైన్‌లో కట్టుకోవచ్చు. మా దగ్గర "ఏపీఎస్ ప్రాసెసింగ్" అని 35,000 తీసుకున్నారు.

కన్సల్టెన్సీ లేకుండా కుదరదనుకుంటే సరే, మెయిల్ ఐడీ, పోర్టల్ పాస్‌వర్డ్లు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. అప్లై చేసిన రోజే లాగిన్ అయి స్టేటస్ చూడండి. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, ఫీజు ఎంత అన్నది అగ్రిమెంట్‌లో రాయించండి, "టాప్ పబ్లిక్ యూనివర్సిటీస్" అని రాస్తే ఒప్పుకోవద్దు. డబ్బు క్యాష్‌గా ఇవ్వొద్దు. మా దగ్గర బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు, వాట్సాప్ చాట్లు ఉండబట్టే ఫిర్యాదు వేయగలిగాం. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం, అక్కడ నమోదు చేయించడానికి ఫీజేమీ లేదు.

ప్రస్తుతానికి వాళ్లు 20,000 వెనక్కి ఇస్తాం, ఇక ఏ ఫిర్యాదూ లేదని సంతకం పెట్టండి అంటున్నారు. పెట్టలేదు. తమ్ముడు ఈసారి 2.68కి సరిపోయే కోర్సులు వెతుక్కుని తనే అప్లై చేస్తున్నాడు. మీకూ ఇలా జరిగి ఉంటే రసీదులు, చాట్లు డిలీట్ చేయకుండా ఉంచుకుని మెసేజ్ పెట్టండి, మేం వేసిన ఫిర్యాదు కాపీ పంపిస్తాను.