టీ-34 మోడల్‌కు మెటల్ ట్రాకులు: రెండేళ్ల వాడకం, ఒక పిన్ను కథ

రిమోటుతో నడిచే టీ-34 ట్యాంకు మోడల్‌కు మెటల్ ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే లింకుల పట్టాలు, పెట్టించాలా వద్దా అని అడిగినవాళ్లందరికీ ఇన్నాళ్లూ ఒకటే చెప్పాను, కళ్లు మూసుకుని పెట్టించండి అని. ఇప్పుడు ఆ మాటకు ఒక షరతు కలుపుతున్నాను. కొనేముందు ఒక లింకు ఊడదీయించి, దాన్ని పక్క లింకుతో కలిపే పిన్నును చేతిలోకి తీసుకుని చూడండి. దానికి తలకాయ ఉందా, లేదా? ఈ రెండేళ్లలో నాకు కలిగిన సంతోషం, పడ్డ కష్టం రెండూ ఆ మూడు సెంటీమీటర్ల తీగ ముక్కతోనే ముడిపడి ఉన్నాయి.

నాది రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ ట్యాంకు టీ-34/85కు 1/16 సైజు మోడల్. రిమోటు, బ్యాటరీ, పొగ, శబ్దం లాంటివి కొన్నవాళ్లకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. ముందు ట్రాకులు మార్చాను. జత కిలో పైచిలుకు బరువుంది. ఆ బరువుకు ట్రాకును తిప్పే ప్లాస్టిక్ పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, నెల కూడా ఆగలేదు. దాంతో స్ప్రాకెట్, ముందువైపు ఊరికే తిరిగే ఐడ్లర్ చక్రం కూడా మెటల్‌వి తెప్పించాల్సి వచ్చింది. ఆ తర్వాత గేర్‌బాక్సులో ఒక ప్లాస్టిక్ గేరు పళ్లు రాలాయి, స్టీలు గేర్ల బాక్సు పెట్టాను. ఒకటి మారిస్తే ఆగదని ముందే తెలిసినా నేను ఇదే పని చేసేవాణ్ని. ఎందుకో చెప్తాను.

టీ-34కు పైన ట్రాకును మోసే చిన్న రోలర్లు ఉండవు. పైవైపు ట్రాకు నేరుగా పెద్ద చక్రాల మీదే వాలి ఉంటుంది. ప్లాస్టిక్ ట్రాకుకు బరువు లేదు కాబట్టి గుడారం తాడులా బిర్రుగా నిలబడుతుంది. మెటల్ ట్రాకు ఎక్కించిన రోజు మిర్యాలగూడలో మా ఇంటి వరండా షాబాద్ బండల మీద బండిని పెట్టి కిందికి వంగి చూశాను. రెండు చక్రాల మధ్య ట్రాకు కొద్దిగా జారి, మళ్లీ తర్వాతి చక్రం మీదికి ఎక్కుతోంది. పాత యుద్ధం ఫొటోల్లో చూసినట్టే ఉంది. కదిలించగానే కటకటమని శబ్దం. అది స్పీకరులోంచి వచ్చేది కాదు, లింకు లింకూ బండను తాకుతున్న అసలు చప్పుడు. ఆ సాయంత్రం బ్యాటరీ అయిపోయేదాకా వరండాలోనే తిప్పాను. బండల మీద గీతలు పడ్డాయి, మా ఆవిడ ఇప్పటికీ చూపిస్తుంది. ఆమె మాటలో న్యాయం ఉంది, ఇంట్లో తిప్పేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక ఆ ఆదివారం సంగతి. గుర్రంపోడు వైపు మా అత్తగారికి బత్తాయి తోట ఉంది. ఎర్రనేల, చెట్ల పాదులు, మధ్యలో డ్రిప్పు పైపులు. ట్యాంకుకు అంతకన్నా మంచి మైదానం నాకు తెలియదు. పాదు గట్టు ఎక్కించి దింపుతున్నాను. కటకట శబ్దం మధ్యలో ఒకచోట తేడాగా "టక్" మంది. నాకు వినిపించింది. వినిపించినా రిమోటు స్టిక్ వదల్లేదు. మహా అయితే రెండు సెకన్లు. కుడి ట్రాకు బిగుసుకుపోయి, ఎడమది తిరుగుతూ బండి కుడివైపు తిరిగింది. లోపల ఏదో పటుక్కుమంది.

తిరగేసి చూస్తే ఒక పిన్ను సగం దాకా లోపలివైపుకు వచ్చేసి, స్ప్రాకెట్‌కు బాడీకి మధ్య అడ్డంగా ఇరుక్కుని ఉంది. గేర్లకు ఏమీ కాలేదు, స్టీలు కదా. కానీ ఆ బలం ఎక్కడికో పోవాలి. గేర్‌బాక్సును పట్టుకుని ఉన్న ప్లాస్టిక్ స్క్రూ గూళ్లు నాలుగింటిలో రెండు చీలిపోయాయి. మెటల్ గేర్‌బాక్సు పెడితే ఇక చింత లేదని నేను చాలామందికి చెప్పాను. అది సగమే నిజం. పాత ప్లాస్టిక్ గేరు ఫ్యూజులా పనిచేసేది, తాను విరిగి మిగతావాటిని కాపాడేది. ఇప్పుడు విరిగేది బాడీ. గేరు దొరుకుతుంది, బాడీ దొరకడం కష్టం. గూళ్లను ఎపాక్సీతో అతికి, కింద అల్యూమినియం పట్టీ వేసి, బోల్టులతో బిగించాను. ఇప్పటికి గట్టిగానే ఉంది.

పిన్ను ఎందుకు బయటికి వచ్చిందో అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది. ఆ కంపెనీ ఇచ్చిన పిన్నులకు తల లేదు. ఒక చివర గరుకుగా గీతలు పెట్టి ఉంటాయి, ఆ గరుకు రంధ్రంలో బిగిసి పట్టాలని వాళ్ల ఉద్దేశం. లింకులేమో జింకు కలిసిన మెత్తటి పోత లోహం. స్ప్రాకెట్ దగ్గర లింకు మడిచినప్పుడల్లా స్టీలు గరుకు ఆ మెత్తటి రంధ్రాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. పట్టు పోతుంది. ఆపైన బండి పక్కకు తిరిగిన ప్రతిసారీ పిన్ను ఒక వెంట్రుకవాసి జరుగుతుంది. దుకాణంలో చూస్తే ఇవేవీ కనిపించవు. పది, పన్నెండు గంటలు నడిచాకే బయటపడుతుంది. అందుకే నాకు ఆ తయారీదారు మీద కోపం. ట్రాకు అచ్చు అంత అందంగా పోసినవాళ్లు పిన్నుకు ఒక తల పెట్టలేకపోయారా?

మొదట సూపర్ గ్లూ చుక్క పెట్టాను. అది సన్నగా లోపలికి పాకి కీలునే పట్టేసింది. బిగిసిన లింకు గూనిలా నిలబడి, ఐడ్లర్ దగ్గర ట్రాకును జార్చేసింది. తర్వాత గోళ్ల రంగు. మూడు వారాలు ఆగింది, ఆపైన పొట్టులా రాలిపోయింది.

అప్పుడు అసలు ట్యాంకు పిన్నులు ఎలా ఉండేవో వెతికాను. చదివాక చాలాసేపు ఆశ్చర్యంగా కూర్చున్నాను. అసలు టీ-34లో పిన్నుకు తలకాయ లోపలివైపు ఉంటుంది, బయటివైపు దాన్ని ఆపేది ఏమీ ఉండదు. పిన్ను లోపలికి జరుగుతుంది, జరగనిస్తారు. కానీ వెనకాల స్ప్రాకెట్ దగ్గర బాడీకి వాలుగా ఒక ఇనుప దిమ్మ అతికి ఉంటుంది. జరిగిన పిన్ను తలకాయ అక్కడికి రాగానే ఆ వాలుకు తగిలి మళ్లీ తన చోటికి వెళ్తుంది. నట్టు లేదు, లాకు లేదు. బండి నడవడమే పిన్నులను సర్దుతుంది. మన సైన్యం వాడే టీ-72 అజేయ ట్యాంకు ఇంజిను కూడా ఈ టీ-34లోని వీ-2 డీజిల్ ఇంజిను వంశంలోదే అంటారు గానీ, నన్ను అడిగితే ఆ ఇంజిను కన్నా ఈ దిమ్మే గొప్పది.

మా ఊళ్లో రైస్ మిల్లుల పనులు చేసే ఒక లేత్ షాపు ఉంది. వరి కోతల కాలంలో చైన్ మిషన్లు, అంటే ట్రాకుల మీద నడిచే కోత మిషన్లు, కూడా అక్కడికే వస్తాయి. ఆ షాపు కాకకు ట్రాకు చూపించాను. లింకును అటూ ఇటూ ఊపి, పిన్నును గోరుతో బయటికి నెట్టాడు, వచ్చేసింది.

"మా మిషన్లల్ల పిన్నుకు ఒకదిక్కు తలకాయ, ఇంకోదిక్కు లాకు ఉంటది బిడ్డా. నీదానికి రెండూ లేకపాయె. మరి దేన్ని పట్టుకొని ఉండాలె అది?"

దిమ్మ సంగతి చెప్తే నవ్వాడు, బొమ్మ గీయమన్నాడు. పిన్నులకు పాత సైకిల్ స్పోకులు తెమ్మన్నాడు. స్పోకును ముక్కలు కోసి, వైసులో పట్టి, ఒక చివర చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే అంచు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. అదే తలకాయ. మొదటి పది ఆయన చేసి చూపించాడు, మిగతావి నేనే చేశాను. రెండు వైపులకూ కలిపి 140 పైనే, రెండు ఆదివారాలు పట్టింది. లింకు రంధ్రాలను 2 మిల్లీమీటర్ల బిట్టుతో సాపు చేశాను, పిన్ను వదులుగా తిరగాలి. ఇంతకుముందు బిగించడానికి తంటాలు పడ్డవాణ్ని ఇప్పుడు వదులు చేయడానికి కూర్చున్నాను.

ఇత్తడి రేకుతో చేసిన మొదటి దిమ్మ పనికిరాలేదు. దాని ముందంచు నిటారుగా ఉండటంతో పిన్ను వాలు ఎక్కకుండా గుద్దుకుని ఆగింది. కాక ఆకురాయితో ముందంచును పడవ ముక్కులా పల్చగా దించాడు. ట్రాకు అంచుకు దిమ్మకు మధ్య ఒక మిల్లీమీటరు సందు ఉంచి, బాడీ లోపలి నుంచి వాషర్ వేసి బిగించాం. ఆ తర్వాత ఒక పిన్నును కావాలనే లోపలికి లాగి, చేత్తో ట్రాకును మెల్లగా తిప్పాను. తలకాయ వాలు మొదటికి వచ్చింది, ఇత్తడిని రాసుకుంటూ పైకి పాకింది, "టిక్" మని తన రంధ్రంలోకి దిగింది. మళ్లీ లాగాను, మళ్లీ తిప్పాను. షాపులో పని ఆపి ఇద్దరు కుర్రాళ్లు కూడా వచ్చి చూశారు.

అది జరిగి 8 నెలలు. ఇప్పటివరకు ఒక్క పిన్ను కూడా ఊడలేదు. తోటలో నడుస్తుంటే కటకట మధ్యలో అప్పుడప్పుడు ఆ టిక్ వినిపిస్తుంది, ఏదో ఒక పిన్ను తన చోటికి వెళ్లిందని అర్థం. ఒకప్పుడు ఏ చప్పుడు తేడా వచ్చినా టెన్షన్ పడేవాణ్ని.

అన్నీ బాగున్నాయని మాత్రం చెప్పను. రంధ్రాలు అరుగుతూనే ఉన్నాయి, ట్రాకు సాగింది. మొన్న ఒక్కో వైపు రెండేసి లింకులు తీసేశాను. అసలు ట్యాంకులకూ ఇదే చేసేవారు కాబట్టి బాధ లేదు. తడి ఎర్రమట్టి దిమ్మ సందులో పేరుకుంటుంది, పాత టూత్‌బ్రష్‌తో వెంటనే తీయాలి. నల్లరేగడిలోకి ఒకసారి దింపాను, ఇక దింపను. బ్యాటరీ ముందు 40 నిమిషాలు వచ్చేది, ఇప్పుడు 25. ట్రాకు బిగువు విషయంలో కాక మాటే పాటిస్తున్నాను: మధ్యలో ఎత్తితే చిటికెన వేలు దూరాలి, అంతే. ఎక్కువ బిగిస్తే పిన్ను, ఐడ్లర్ రెండూ అరుగుతాయి.

నాకు అత్తగారి తోట ఉంది, ఆదివారం ఖాళీ ఉంది, నడిచి వెళ్లేంత దూరంలో లేత్ షాపు ఉంది. అందుకే ఇది నాకు కుదిరింది. ఫ్లాటులో టైల్స్ మీద తిప్పేవాళ్లకు, పిల్లల కోసం కొనేవాళ్లకు ప్లాస్టిక్ ట్రాకులే చాలు. వేరే ట్యాంకు మోడల్ ఉన్నవాళ్లకు ఈ దిమ్మ పనిచేస్తుందో లేదో పిన్ను ఏ వైపు జరుగుతుందో చూసుకునే తేల్చుకోవాలి. టీ-34 ఉండి, మెటల్ ట్రాకులు ఇప్పటికే కొనేసి ఉంటే, నడపకముందే పిన్నులు మార్చండి. నా దగ్గర ఇంకా ఆరు స్పోకులు మిగిలాయి, వాటిని కోసి తలకాయలు కొట్టి ఒక అగ్గిపెట్టెలో పెట్టి ట్యాంకుతో పాటే తోటకు తీసుకెళ్తున్నాను.