అవర్ ఫ్యామిలీ విజార్డ్: బిల్లుల దగ్గర భేష్, రికార్డుల దగ్గర అంతంతమాత్రం

విడిపోయిన తల్లిదండ్రులు పిల్లల విషయాలు మాట్లాడుకోవడానికి, ఖర్చులు పంచుకోవడానికి వాడే ఈ యాప్ నేను నచ్చి ఎంచుకున్నది కాదు. బాబు విషయాలన్నీ ఇందులోనే మాట్లాడుకోవాలని మా విడాకుల డిక్రీలోనే రాసుంది. అయినా ఇప్పుడు ఎవరైనా అడిగితే తీసుకోమనే చెప్తున్నాను, ముఖ్యంగా పిల్లల్ని తరచూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చేవాళ్ళకి.

మా వాడికి ఎనిమిదేళ్ళు, ఆస్తమా. వాడూ నేనూ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం, వాళ్ళ నాన్న అదే రాష్ట్రంలోని ఆస్టిన్‌లో. ఇన్సూరెన్స్ ఆయన కంపెనీది, ఆసుపత్రికి పరిగెత్తేది నేను. చిక్కంతా ఇక్కడే. కౌంటర్ దగ్గర ఎవరు సంతకం పెడితే బిల్లు వాళ్ళ పేరు మీద వస్తుంది. "డిక్రీలో చెరిసగం అని ఉందండీ" అంటే బిల్లింగ్ వాళ్ళకి పట్టదు. అది మా ఇద్దరి మధ్య కోర్టు పెట్టిన ఏర్పాటు, వాళ్ళకేం సంబంధం? ఇన్సూరెన్స్ ఎంత ఇచ్చింది, మన వాటా ఎంత అని చెప్పే కాగితం, ఈఓబీ అంటారు, అది మాత్రం పాలసీదారుడికి పోతుంది. అంటే బిల్లు నా దగ్గర, దాని లెక్క ఆయన దగ్గర.

టెక్సస్ డిక్రీల్లో మామూలుగా ఉండే నిబంధన మాకూ ఉంది. ఖర్చు పెట్టినవాళ్ళు బిల్లు, రసీదు, ఈఓబీ తమకు అందిన 30 రోజుల్లో రెండోవాళ్ళకి పంపాలి. అవి అందాక ఇంకో 30 రోజుల్లో వాళ్ళు తమ వాటా కట్టాలి. చదవడానికి ఎంత బాగుంటుందో! వాట్సాప్‌లో నడిపినంత కాలం "పంపాను", "నాకు రాలేదు", "ఏ బిల్లు?" తప్ప ఇంకేం లేదు.

ఈ యాప్‌లో ఖర్చుల విభాగం అచ్చంగా ఈ గొడవ కోసమే కట్టినట్టుంటుంది. వైద్యం ఖర్చులో ఎవరి వాటా ఎంత శాతమో ఒకసారి పెట్టేస్తే, బిల్లు మొత్తం వేసి ఫోటో ఎక్కించగానే ఎవరెంత కట్టాలో అదే తేల్చేస్తుంది. మెసేజ్‌ని రెండోవాళ్ళు మొదట ఎప్పుడు తెరిచారో తేదీ, టైముతో సహా పడుతుంది. ఒకసారి పంపింది చెరపడానికి లేదు, దిద్దడానికి లేదు. "నేను చూడలేదు" అనే మాట మా ఇంట్లో ఆ రోజుతో ఆగిపోయింది.

మొన్న చలికాలంలో రాత్రిపూట ఆయాసం ఎక్కువై ఎమర్జెన్సీకి వెళ్ళాం. తర్వాత 640 డాలర్ల బిల్లు వచ్చింది. నేను కట్టకుండా ముందు యాప్‌లో పెట్టి, ఈఓబీ కావాలని అడిగాను. ఆయన ఎక్కించిన దాంట్లో మా వంతు 412 అని ఉంది. ఇన్సూరెన్స్ లెక్క తేలకముందే ఆసుపత్రి బిల్లు పంపేసింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఫోన్ చేస్తే సరిచేశారు. చెరి 206 డాలర్లు. ఒక్క గట్టి మాట లేకుండా అయిపోయింది. మా మధ్య అది చిన్న విషయం కాదు.

టోన్‌మీటర్ అని ఒకటుంది. మెసేజ్ ఘాటుగా రాస్తే పంపకముందే ఆ మాటల్ని ఎత్తి చూపిస్తుంది. ఇంగ్లీషులో రాస్తే పనికొస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు ఎత్తిపొడుపులు మాత్రం దానికి అంతుపట్టవు. మాలాంటి వాళ్ళకి అసలు అవసరం అక్కడే మరి.

ఇక రికార్డులు. యాప్‌లోని ఇన్ఫో బ్యాంక్ అనే విభాగంలో అలర్జీలు, మందులు, టీకాలు, డాక్టర్ల నంబర్లు రాసి పెట్టుకోవచ్చు. కానీ అవన్నీ మనం రాస్తేనే ఉంటాయి. డాక్టర్ ఇన్‌హేలర్ డోసు మార్చితే, నేను వెళ్ళి మార్చేదాకా ఆస్టిన్‌లో పాత డోసే కనబడుతుంది. మందుల విషయంలో ఇలాంటి లిస్టును నేను నమ్మను. దానికంటే ఆసుపత్రి రికార్డులు ఆన్‌లైన్‌లో చూపించే మైచార్ట్‌లో తల్లీ తండ్రీ ఎవరి ప్రాక్సీ (పిల్లల తరఫున చూసే అనుమతి) వాళ్ళు తీసుకోవడమే నయం. కోర్టు కన్సర్వేటర్‌గా (పిల్లల బాధ్యత, హక్కులు ఉన్నవాళ్ళకి టెక్సస్‌లో పేరు అది) పెట్టిన తల్లికైనా తండ్రికైనా, ఆ ఉత్తర్వులో వేరేగా అడ్డు చెప్పకపోతే, పిల్లల వైద్య రికార్డులు చూసే హక్కును టెక్సస్ చట్టమే ఇస్తుంది. క్లినిక్ వాళ్ళు డిక్రీ కాపీ అడుగుతారు, ఫోన్‌లో ఉంచుకోండి. పిల్లలకి పన్నెండు, పదమూడేళ్ళు రాగానే చాలా ఆసుపత్రులు తల్లిదండ్రులకు కనబడేది తగ్గించేస్తాయి, అది కూడా గుర్తుంచుకోండి.

వేసవిలో గుంటూరు వెళ్ళినప్పుడు అక్కడి నెబ్యులైజర్, మందుల షాపు చీటీ 2,300 రూపాయలు అయింది. డాలర్లలోకి మార్చి, చీటీ ఫోటోతో ఎక్కించాను. ఇండియా ఖర్చు ఎందుకు ఇవ్వాలంటారేమో అనుకున్నాను, మర్నాడే ఒప్పుకున్నారు. మా అమ్మ కషాయం దినుసుల ఖర్చు మాత్రం నేనే భరించాను లెండి.

చందా ఏడాదికి వంద డాలర్ల పైమాటే. అది కూడా ఇద్దరికీ విడివిడిగా ఉండాలి. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళు ఫీజు మాఫీకి అప్లై చేసుకోవచ్చు. ఇంకా మామూలుగా మాట్లాడుకోగలిగే జంటలకైతే ఒక గూగుల్ డ్రైవ్ ఫోల్డర్, ఒక ఎక్సెల్ షీట్ చాలు, దీని మీద డబ్బు పెట్టకండి. ఒక్కరే కొన్నా లాభం లేదు, అవతలివాళ్ళు కూడా చేరాలి. కాబట్టి ఇంకా కేసు నడుస్తున్నవాళ్ళు లాయర్‌తో చెప్పి ఈ యాప్ పేరు, చందా ఎవరు కట్టాలి, ఈఓబీ ఎన్ని రోజుల్లో ఎక్కించాలి అన్నవి డిక్రీలోనే రాయించుకోండి.