లెక్కలు రాయడం కూడా పిలుపేనా? చిత్తూరు తరగతులపై ఒక సమీక్ష

చిత్తూరులో ఒక క్రైస్తవ సంఘం వారు ఉద్యోగస్తులైన విశ్వాసుల కోసం నడిపిన రెండు రోజుల తరగతులకు గత నెల వెళ్లి వచ్చాను. భోజనాలతో కలిపి మనిషికి 600 రూపాయలు తీసుకున్నారు. మనం చేసే ఉద్యోగం దేవుని పిలుపు కాగలదా, కాగలిగితే దాన్ని ఎలా గుర్తుపట్టాలి అన్నదే విషయం. ఆడిటరు కార్యాలయంలో 19 ఏళ్లుగా లెక్కలు రాస్తున్న నాకు ఇది పుస్తకాలలోని ప్రశ్న కాదు. మన సంఘాలలో ‘పిలుపు’ అనే మాటను పాస్టరుగారికీ సువార్తికులకూ రాసిచ్చేశాం. ఉద్యోగం వదిలి పూర్తికాల సేవలోకి వచ్చానని ఒకరు సాక్ష్యం చెబితే హాలంతా స్తోత్రం అంటుంది. సేవకు వెళ్లాలనుకుని జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తూ ఉండిపోయానని చెబితే ఎవరూ అనరు.

బోధించిన పెద్దాయన కళాశాలలో పాఠాలు చెప్పి విరమణ పొందినవారు. గొంతు పెంచకుండా, వాక్యం నుంచి పక్కకు పోకుండా మాట్లాడారు. మొదటి పూట బైబిలులోని నిర్గమకాండము 31వ అధ్యాయంతో మొదలుపెట్టారు. అక్కడ దేవుని ఆత్మతో నింపబడినట్టు చెప్పబడిన బెసలేలు యాజకుడు కాడు. బంగారం, వెండి, ఇత్తడి పని తెలిసి, రత్నాలు సానపట్టి, కర్ర చెక్కగల పనివాడు. కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉండి డేరాలు కుట్టిన సంగతి అందరికీ తెలిసిందే అయినా, దానిని సువార్తకు ఖర్చులు సంపాదించుకునే ఉపాయంగానే మనం చదువుతామని ఆయన అన్నప్పుడు నాకు చురుక్కుమంది. 16వ శతాబ్దంలో జర్మనీ మత సంస్కర్త మార్టిన్ లూథర్ మఠవాసులకు, చర్చి గురువులకు పరిమితమై ఉన్న ఈ మాటను మామూలు పనులకు వర్తింపజేసిన తీరును కూడా వివరించారు. బిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వినా దేవుడు సంతోషిస్తాడని లూథర్ 1522లో రాశాడని చెప్పగానే వెనుక వరుసలోని స్త్రీలు తమ భర్తల వైపు చూశారు.

మధ్యాహ్నం ఐడా స్కడ్డర్ కథ చెప్పారు. వేలూరు ఇక్కడికి గంట ప్రయాణమే కనుక, ఆమె స్థాపించిన ఆసుపత్రిలో చూపించుకోని కుటుంబం మా హాలులో ఉండి ఉండదు. తల్లికి జబ్బు చేసిందని అమెరికా నుంచి తిండివనం వచ్చిన ఆ యువతికి ఇక్కడ నిలిచిపోవాలన్న ఉద్దేశమే లేదు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వేర్వేరుగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను అడిగారు. తన తండ్రి వైద్యుడని ఆమె చెప్పినా, పరాయి మగవాడు చూడడానికి వాళ్లు ఒప్పుకోలేదు. ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. సాధారణంగా ఈ కథను ఆ రాత్రితో ముగిస్తారు. ఈయన ముగించలేదు. ఆమె తిరిగి వెళ్లి, వైద్యం చదివి, 1899లో కార్నెల్ నుంచి పట్టా పుచ్చుకుని, 1900లో వేలూరులో ఒక్క మంచంతో పని మొదలుపెట్టి, 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచిన క్రమమంతా చెప్పారు. పిలుపు ఒక రాత్రిలో వినబడవచ్చు గానీ దానికి తగిన చేతులు తయారుకావడానికి ఏళ్లు పడతాయని నాకు అర్థమైంది ఇక్కడే.

రెండవ రోజు ఉదయం మాత్రం నాకు అసంతృప్తి మిగిలింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయం 20వ వచనం చదివి, ఎవరు ఏ స్థితిలో పిలువబడ్డారో ఆ స్థితిలోనే ఉండాలన్న మాటపై గంటకు పైగా బోధించారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఎవరు ఏ పని చేయాలో పుట్టుకే తేల్చిన నేల మీద ఈ వచనాన్ని ఒంటరిగా వదిలిపెట్టకూడదు. మా తాత ఒక ఆసామి దగ్గర జీతానికి ఉన్న మనిషి. మా నాన్న మిషను బడిలో చదువుకోబట్టి ఆ కొట్టం దాటాడు. ఆ స్థితిలోనే ఉండమని మా తాతకు ఎవరైనా బోధించి ఉంటే నేను ఈ సమీక్ష రాసేవాడిని కాను. దాసుడికి స్వతంత్రుడయ్యే వీలుంటే దానిని వినియోగించుకోమని 21వ వచనం చెబుతోందని నేను లేచి అడిగాను. ఆయన నొచ్చుకోకుండా ఆ వచనం చదివించి, లూథర్ బోధలో కూడా ఈ చిక్కు ఉందని ఒప్పుకున్నారు గానీ, అప్పటికే భోజనాల గంట కొట్టారు.

అంతకంటే పదునైన ప్రశ్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసే ఒక యువకుడిది. తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో తరుగు ఎక్కువ రాయమని పైవాళ్లు చెబుతారనీ, ఆ పనిని ప్రభువు కోసం మనస్ఫూర్తిగా ఎలా చేయాలనీ అడిగాడు. దొంగత్రాసు దేవునికి హేయమన్న సామెతల గ్రంథపు మాట వెంటనే జవాబుగా వచ్చింది. సరిగా రాస్తే ఉద్యోగం పోతుంది, అప్పుడు నా ఇంటి బాడుగ సంఘం కడుతుందా అని ఆ అబ్బాయి తిరిగి అడిగాడు. హాలులో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తగిన జవాబు రాకపోయినా, ఆ ప్రశ్నను ‘ప్రార్థన చేద్దాం బ్రదర్’ అని కప్పిపుచ్చనందుకు బోధకుణ్ణి గౌరవిస్తాను.

మిగతా ఏర్పాట్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొంగలి బాగుంది, మైకు బాగాలేదు. చేతికిచ్చిన పుస్తకంలో అచ్చుతప్పులు లేని పేజీ కనబడలేదు. చివరన ఒక్కొక్కరితో అరగంట విడిగా మాట్లాడతామన్నారు గానీ నా వంతుకు పది నిమిషాలే దక్కాయి. సేవకు వెళ్లలేకపోయామన్న అపరాధ భావంతో ఉద్యోగాలు చేస్తున్నవారు తప్పక వెళ్లవచ్చు. ఏ చదువులో చేరాలో, ఏ ఉద్యోగంలోకి మారాలో తేల్చి చెబుతారనుకుని వెళ్లే డిగ్రీ విద్యార్థులు నిరాశపడతారు. వచ్చే విడతలో కాటా ప్రశ్న లాంటి వాటికి ఒక పూట పూర్తిగా కేటాయిస్తామని నిర్వాహకులు చెప్పారు. రుసుము మాత్రం 800 చేస్తారట.