స్పీకర్ కుర్చీ: మన లోక్‌సభలో, లండన్ కామన్స్‌లో

బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో స్పీకర్ అయితే పార్టీతో తెగతెంపులే. తర్వాతి ఎన్నికల్లో స్పీకర్ హోదాతోనే నిలబడతారు, పెద్ద పార్టీలు సాధారణంగా పోటీ పెట్టవు. మన దగ్గర ఆ భరోసా లేదు, టికెట్ కోసం మళ్లీ పార్టీ గుమ్మం ఎక్కాల్సిందే. 1967లో నీలం సంజీవరెడ్డి స్పీకర్ కాగానే కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు గానీ, అది ఆనవాయితీగా నిలవలేదు. అలా వదులుకున్నా అనర్హత పడదని రాజ్యాంగంలోని పదో షెడ్యూల్ (పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం) అయిదో పేరా చెబుతూనే ఉంది!

అసలు చిక్కూ ఆ షెడ్యూల్‌దే. 1985 నుంచి ఫిరాయింపు పిటిషన్లు తేల్చేది స్పీకరే. చట్టంలో గడువు రాయలేదు, అందుకే ఫైళ్లు మూలుగుతాయి. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కామన్స్‌లో పార్టీ మారినా సీటు పోదు కాబట్టి అక్కడి స్పీకర్‌కు ఈ తలనొప్పే లేదు.

స్పీకర్ ఓటు వేసేది మాత్రం రెండుచోట్లా ఓట్లు సమానమైనప్పుడే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో పడిపోయింది. తేడా ఒక్కటే అయినా, స్పీకర్ బాలయోగి ఓటు అవసరపడలేదు. 2019 ఏప్రిల్ 3న కామన్స్‌లో 310-310 వచ్చింది. మెజారిటీ లేని నిర్ణయం తన ఓటుతో నెగ్గకూడదన్న పాత సంప్రదాయం ప్రకారం అప్పటి స్పీకర్ జాన్ బెర్కో ‘కాదు’ వైపు వేశారు.

మన స్పీకర్‌ను దించాలంటే 14 రోజుల నోటీసు కావాలి. హాజరైనవారిలో కాదు, అప్పటి మొత్తం సభ్యుల్లో మెజారిటీ రావాలి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.