తల్లీ కొడుకూ ఒకే వరుసలో: ఆరేళ్ల కరాటే శిక్షణపై సమీక్ష

నేను అమలాపురంలో లేడీస్ టైలర్‌ను. 2019 జూన్‌లో మా అబ్బాయికి ఏడేళ్లు నిండినప్పుడు వాడితో పాటు నేను కూడా కరాటే తరగతిలో చేరాను. అప్పటికి నా వయసు ముప్పై నాలుగు. ఇప్పుడు వాడిది బ్రౌన్ బెల్టు, నాది దానికి కింది మెట్టైన పర్పుల్ బెల్టు. పిల్లలతో కలిసి చేరితే ఎలా ఉంటుందని దుకాణానికి వచ్చే తల్లులు తరచుగా అడుగుతున్నారు. జాకెట్టు కొలతలు తీసుకుంటూ రెండు ముక్కల్లో చెప్పగలిగిన సంగతి కాదు గనుక వివరంగా రాస్తున్నాను.

చేరడానికి గొప్ప ఆశయమేమీ లేదు. మా ఆయన మస్కట్‌లో పని చేస్తారు. వాణ్ణి తరగతిలో దింపి ఇంటికి వచ్చి, మళ్లీ తీసుకురావడానికి వెళ్లేలోపు ఒక్క జాకెట్టుకు చేతులు కూడా ఎక్కించలేకపోయేదాన్ని. పోనీ అక్కడే కూర్చుందామంటే దోమలు. నెల తిరగకముందే మాస్టారు, "కూర్చునే బదులు నిలబడండమ్మా, ఇద్దరికీ కలిపి తగ్గించి తీసుకుంటాను" అన్నారు. మా అత్తయ్యగారు మాత్రం, "అమ్మాయ్, చంటి వెధవలతో కలిసి గెంతులేస్తే రేపు నీ దగ్గర బట్టలెవరు కుట్టించుకుంటారు?" అని నాలుగు రోజులు మాట్లాడలేదు. తరువాత ఆవిడే వారానికి మూడు సాయంత్రాలు వంట తన మీద వేసుకున్నారు. ఇంట్లో ఆ ఒక్క సర్దుబాటు లేకపోతే మిగిలిన సమీక్షంతా అనవసరం.

నిజానికి ఇది మా రెండవ తరగతి. అంతకుముందు వాణ్ణి వేరొకచోట చేర్పించాను. అక్కడ ఐదు నెలల్లో మూడు రంగులు మార్చారు. ప్రతి రంగుకూ పరీక్ష ఫీజు, బెల్టు ధర, ధ్రువపత్రం ధర, ఫొటో ధర వసూలు చేశారు కాని, వాడి పిడికిలిలో బొటనవేలు లోపలికి మడిచి ఉందని ఒక్కరూ గమనించలేదు. అలా గుద్దితే ముందు విరిగేది ఆ వేలే. రెండవ చోట మొదటి రోజు మాస్టారు చూసినది అదే. ఒక తరగతి మంచిచెడ్డలు తెలుసుకోవాలంటే గోడకు తగిలించిన కప్పులు లెక్కపెట్టనక్కర లేదు. చివరి వరుసలో నిలబడిన పిల్లవాడి పిడికిలి చూస్తే చాలు.

మేము నేర్చుకునేది షోటోకాన్ పద్ధతి. దీనికి మూలపురుషుడైన గిచిన్ ఫునకోషి 1868లో ఒకినావాలో పుట్టిన బడిపంతులు. 1922లో టోక్యో వెళ్లి ఈ విద్యను ప్రదర్శించి, అక్కడే స్థిరపడి ప్రచారం చేశారు. కతా అంటే ఊహించుకున్న శత్రువుతో పోరాడుతున్నట్టు ఒక్కరే వరుసగా చేసే కదలికల పాఠం. మాకు మొదట నేర్పే ఐదు హేయాన్ కతాలను ఆయన గురువులలో ఒకరైన ఇతోసు ఆంకో గత శతాబ్దం తొలి సంవత్సరాలలో ఒకినావా బడిపిల్లల కోసం పినాన్ అనే పేరుతో కూర్చారు. వాటికి హేయాన్ అని పేరు మార్చి, మొదటి రెండింటి వరుస తారుమారు చేసింది ఫునకోషి. బడిపిల్లల పాఠం కదా, సులువుగా వచ్చేస్తుందనుకున్నాను. మొదటి కతాలో ఉన్నవి ఇరవై ఒక్క కదలికలే. ఎడమకు తిరిగి కింది దెబ్బను అడ్డుకోవడంతో మొదలై, మధ్యలో రెండుసార్లు గట్టిగా అరిచి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. మా వాడు పది రోజుల్లో వచ్చాడు. నేను రెండు నెలల పాటు బయలుదేరిన చోటికి మూడడుగుల దూరంలో ఆగిపోతూ వచ్చాను. అడుగుల పొడవు ప్రతిసారీ ఒకేలా పడకపోవడమే కారణం. గుడ్డ మీద అంగుళం తేడా రానివ్వనిదాన్ని, నేల మీద మూడడుగులు పోగొట్టుకున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కలిసి నేర్చుకోవడం వలన లాభం ఉందా అంటే ఉంది. అయితే ఆ హాలులో అమ్మ అమ్మగా ఉండడం మానేసినప్పుడే ఉంది. మొదటి ఏడాది నేను ఆ పని చేయలేకపోయాను. నా చేతులు నా కతా చేస్తుంటే కళ్లు వాడి మోకాళ్ల మీద ఉండేవి. "వంచరా, ఇంకా వంచు" అని గొణుగుతూనే ఉండేదాన్ని. వాడు మాస్టారి వైపు కాకుండా నా వైపు చూసి, నా మొహంలో కోపం లేదని తేల్చుకున్నాక తరువాతి అడుగు వేసేవాడు. ఒక సాయంత్రం మాస్టారు అందరినీ ఆపి, "ఇక్కడ వాడికి మాస్టారు నేనొక్కడినేనండి, మీరు వాడి తోటి విద్యార్థి" అని మెల్లగానే అన్నారు. ఆ రోజు నుంచి నన్ను ముందు వరుసలోకి, వాణ్ణి చివరి వరుసలోకి మార్చారు. అప్పటినుంచి వాడు నాకు కనిపించేవాడు కాదు, నేనే వాడికి కనిపించేదాన్ని. ఈ చిన్న మార్పు వలన జరిగినంత మేలు ఆరేళ్లలో మరి దేనివలనా జరగలేదు. నా తప్పులన్నీ వెనకనుంచి వాడు చూడడం మొదలుపెట్టాడు. తప్పు చేసిన పెద్దవాళ్లు ఏడవకుండా మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారన్న సంగతి వాడు నా నోటితో కాక నా వీపుతో నేర్చుకున్నాడు.

కోవిడ్ రోజుల్లో తరగతి మూతపడితే మేడ మీద మేమిద్దరమే చేసుకున్నాము. జపనీస్ అంకెలు అప్పుడే పూర్తిగా నోటికి వచ్చాయి. "ఇచి, ని, సాన్, షి" అని వాడు లెక్కపెడుతుంటే పక్క మేడ మీద బట్టలు ఆరేసుకునే పిన్నిగారు కూడా లెక్క కలిపేవారు.

తరువాత ఆకుపచ్చ బెల్టు పరీక్షలో వాడు గట్టెక్కాడు, నేను తప్పాను. మూడవ హేయాన్‌లో వేళ్లను ఈటెలా ముందుకు పొడిచి, ఆ చేయి శత్రువుకు చిక్కినట్టు ఒళ్లంతా తిప్పి విడిపించుకుని, పిడికిలి పక్కవైపుతో కొట్టి, ముందుకు ఒక గుద్దు వేసి అరవాలి. నేను తిరగవలసిన వైపుకు కాక అవతలి వైపుకు తిరిగాను. పరీక్ష చేసేవారికి ఎదురుగా నా వీపు పెట్టి, గట్టిగా అరిచాను. పిల్లలందరూ నవ్వారు, మా వాడు నవ్వలేదు. ఇంటికి వస్తూ ఎర్రవంతెన దాకా బండి వెనక మాట్లాడకుండా కూర్చుని, "పర్లేదమ్మా, నేనూ ఇంట్లో రెండుసార్లు అలాగే తిరిగాను" అన్నాడు. అది అబద్ధమని నాకు తెలుసు. బెల్టు పెద్దదైతే వయసుతో పని లేకుండా ముందు నిలబడతారు. అందుచేత మూడేళ్లుగా వాడు నాకు సీనియర్. జతగా నిలబడినప్పుడు ఎదురెదురుగా వంగి నమస్కరించుకుంటాము. మొదట్లో ఇద్దరికీ నవ్వు వచ్చేది, ఇప్పుడు రాదు.

కుమితే, అంటే ఎదురెదురు పోరు విషయంలో నా సలహా కొంచెం కఠినంగానే ఉంటుంది. తల్లిని, పిల్లవాణ్ణి స్వేచ్ఛా పోరుకు ఎదురెదురుగా దింపకూడదు. వాడికి పదేళ్లప్పుడు మేము ఒకసారి దిగాము. వాడు మీద మీదకు వస్తుంటే నా చేయి ఆగలేదు. గ్లవుజు ఉన్నా పై పెదవి చిట్లింది. నెత్తురు కంటే నన్ను బాధపెట్టినది ఆ తరువాత నెల రోజులు నా ఎదుట వాడి గుద్దు జానెడు ముందే ఆగిపోవడం. "నీ మీదకు రావట్లేదమ్మా" అనేవాడు. మాస్టారు మమ్మల్ని ముందే నిర్ణయించిన ఐదడుగుల గోహోన్ కుమితేకు మాత్రమే జత చేశారు. ఒకరు మొహానికో పొట్టకో గురి చెప్పి, ఐదడుగులు ముందుకు వేస్తూ గుద్దుతారు. మరొకరు ఐదడుగులు వెనక్కు వేస్తూ అడ్డుకుని, చివర ఎదురు గుద్దు వేస్తారు. దెబ్బ ఎక్కడికి వస్తుందో ముందే తెలుసు గనుక భయం ఉండదు, దూరం మాత్రమే నేర్చుకోవాలి. పొట్టివాడు మొహానికి గుద్దితే నా గుండె దగ్గరకే వచ్చేది. ఇప్పుడు నేను తల వెనక్కు లాక్కోవలసి వస్తున్నది. వాడు ఎంత ఎదిగాడో తలుపు చట్రం మీద గీతల కంటే ఇక్కడే నాకు బాగా తెలిసింది.

దుస్తుల గురించి వృత్తిరీత్యా నాకు కొంత అధికారం ఉంది కాబట్టి తీరిగ్గానే చెబుతాను. మొదలుపెట్టేవారికి అమ్మే పలుచని తెల్ల డ్రెస్సులో పాలిస్టర్ కలుస్తుంది. అది త్వరగా ఆరుతుంది కాని ఒంటికి అంటుకుంటుంది. మే నెలలో మా ప్రాంతపు ఉక్కలో దానిని గంటసేపు భరించడం కష్టం. దళసరి నూలు గుడ్డది చెమట పీలుస్తుంది, గుద్దినప్పుడు చప్పున మోగుతుంది. అయితే మొదటి ఉతుకుకే కుదించుకుపోతుంది. పైగా వానాకాలంలో రెండు రోజులైనా ఆరక, మూడో రోజుకు చంకల దగ్గర నల్లని బూజు చుక్కలు పడతాయి. నేను ఇద్దరికీ రెండేసి జతలు పెట్టి, ఇంటికి రాగానే మూట కట్టకుండా ఫ్యాను కింద పరుస్తాను. కొనేటప్పుడు మెడ పట్టీ కాదు, కాళ్ల మధ్య వేసిన పలకముక్క చూడాలి. ఆ ముక్క లేని ప్యాంటు పక్కకు తన్నిన మొదటి రోజే పిగులుతుంది. పెరిగే పిల్లలకు రెండు సైజులు పెద్దది కొని, పట్టులంగాకు వేసినట్టు లోపలికి మూడంగుళాల మడత కుట్టు వేసి, ఏడాదికి ఒక్కొక్కటి విప్పుకోవాలి. మా వాడికి ఆరేళ్లలో మూడు డ్రెస్సులే పట్టాయి. రంగు బెల్టును మాత్రం డ్రెస్సుతో కలిపి ఉతకకూడదు. వాడి మొదటి ఆరెంజ్ బెల్టు దెబ్బకు నా చొక్కా పసుపు కుంకుమల్లో ముంచినట్టయింది.

ఖర్చు ఇద్దరికీ నెలకు 900 రూపాయలు, ఏడాదికి 10,800. పరీక్షలు, దుస్తులు, గ్లవుజులు వేరు. బెల్టు పెద్దదయ్యే కొద్దీ పరీక్ష ఫీజూ పెరుగుతుంది. ఆ పట్టిక చేరే రోజునే అడిగి తీసుకోవాలి.

దెబ్బల లెక్కలో నాదే పైచేయి. పజిల్ ముక్కల్లా అతికే చాపల సందులో కాలి వేలు ఇరుక్కుని గోరు ఊడింది. అంతకంటే పెద్దది మోకాలు. ముందు కాలి మోకాలు వంచి నిలబడే జెన్‌కుత్సు భంగిమలో నడుము తిప్పకుండా మోకాలు ఒక్కటే లోపలికి తిప్పుతూ రెండేళ్లు చేశాను. చివరికి వాపు వచ్చి రెండు నెలలు మెషిన్ కూడా తొక్కలేకపోయాను. పిల్లల ఒళ్లు ఓర్చుకున్నంతగా ముప్పై దాటిన ఒళ్లు తప్పులను ఓర్చుకోదు. పిల్లలతో సమానంగా వేడెక్కే వ్యాయామం చేస్తే మనకు చాలదు. నేను పది నిమిషాలు ముందే వెళ్తాను.

ఆత్మరక్షణ సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బండి మీద వచ్చి గొలుసు తెంపుకుపోయేవాణ్ణి కరాటేతో ఆపగలనన్న నమ్మకం నాకు లేదు. నాకు వచ్చినది దూరాన్ని అంచనా వేయడం, భయపడినప్పుడు గొంతు పెగలడం. దసరాకు మా ఊరి వీధుల్లో చెడీ తాలింఖానా వాళ్లు కర్రలు, కత్తులు తిప్పుతుంటే, కళ్లకు గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కాయను నరుకుతుంటే చిన్నప్పుడు అరుగు మీదనుంచి చూసేదాన్ని. అది మగవాళ్ల విద్య అనుకునేదాన్ని. ఇప్పుడు అదే ఊరేగింపులో వాళ్ల చేతులు వదిలిపెట్టి పాదాలు చూస్తున్నాను. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలను భుజాన మోస్తూ కౌశిక కాలువ దాటేవాళ్లను చూసినా అంతే. బురదలో నడుము దించి, కాళ్లు వెడంగా పెట్టి పక్కకు జరిగే ఆ పద్ధతికి కరాటేలో కిబా దాచి అని పేరుందని మా వాడు పక్కవాళ్లకు చెబుతాడు. ఎవరూ వినరు, అది వేరే సంగతి.

ఒలింపిక్స్ పేరు, స్పోర్ట్స్ కోటా పేరు చెప్పి చేర్చుకునేవారి విషయంలో జాగ్రత్తగా ఉండాలి. కరాటే 2021లో జరిగిన టోక్యో 2020 ఒలింపిక్స్‌లో ఉన్న మాట నిజం. 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజలెస్ క్రీడల జాబితాలోనూ లేదు. ఈ ముక్క విని మా వాడు రెండు రోజులు దిగులుపడ్డాడు. మూడో రోజు సోమవారం, తరగతికి తయారయ్యాడు.

పిల్లవాడు ఏ పని చేసినా పక్కనుంచి సరిదిద్దకుండా ఉండలేని తల్లిదండ్రులు కలిసి చేరకపోవడమే మంచిది. అలాంటివారు బయట బెంచీ మీద కూడా కూర్చోకపోతే ఇంకా మంచిది. పిల్లల ముందు ఓడిపోవడానికి అభ్యంతరం లేనివారు నిరభ్యంతరంగా చేరవచ్చు. మగపిల్లలకు పన్నెండు దాటాక అమ్మ పక్కన నిలబడడానికి సిగ్గు మొదలవుతుంది గనుక ఆరేడేళ్ల వయసులో చేరితేనే నాలుగైదేళ్లు చేతికి వస్తాయి. మా వాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. సైకిల్ మీద నాకంటే ముందు స్నేహితులతో వెళ్లిపోతున్నాడు. తొమ్మిదిలోకి వస్తే ట్యూషన్ వేళ, తరగతి వేళ ఒకటే అవుతాయి. అప్పుడేం చేస్తామో ఇంకా అనుకోలేదు.

వచ్చే నెల బ్రౌన్ బెల్టులో పై అంచె పరీక్షకు వాడు వెళ్తున్నాడు. నాకు మొదటి బ్రౌన్ కావాలంటే ఎటూ ముందుకు పోకుండా పక్కకే జరుగుతూ చేసే తెక్కీ షోదాన్ కతా అప్పజెప్పాలి. అందులో అడుగు కంటే ముందు తల తిరగాలి. నా తల ఇంకా అడుగు తరువాతే తిరుగుతున్నదని, ఈసారికి ఫీజు కట్టవద్దని వాడే చెప్పాడు. కట్టలేదు.